టెంటా, ట్రెయిలర్ టెంటా, క్యారవానా: మొదటిసారి కొనేవాళ్ళకి ఏది మేలు?

టెంట్ వేసుకుని తిరిగేవాళ్ళకి క్యారవాన్ మీద, అంటే కారు వెనక తగిలించి లాగే చిన్న ఇంటి మీద, మనసు పుట్టేది సాధారణంగా తిరుగు ప్రయాణం రోజున. రాత్రంతా వాన కురిసి ఉంటుంది. తడిగుడ్డ విప్పి, ఎలాగోలా చుట్టి, బురద మేకులు సంచిలో కుక్కి, చెప్పుల్లో నీళ్ళతో బండెక్కుతారు. పక్కవాళ్ళేమో తాపీగా టీ తాగి, క్యారవాన్ మూలల కింద కాళ్ళు నాలుగూ పైకి తిప్పుకుని, బండికి తగిలించుకుని, పొడి బట్టలతో చక్కా పోతారు. ఆ ఉక్రోషం మీద ఉండగా మాత్రం కొనకండి.

నా లెక్క ఇది. టెంట్ పెట్టే తిప్పలు ఎక్కువగా దిగిన చోట ఉంటాయి. క్యారవాన్ పెట్టే తిప్పలు ఇంటి దగ్గరా, రోడ్డు మీదా ఉంటాయి. వెయ్యడం, విప్పడం, చలికి ముడుచుకోవడం ఒకవైపు. నిలిపే చోటు, బీమా, సర్వీసు, బరువు లెక్కలు, రివర్సు చెయ్యడం మరోవైపు. వీటిలో ఏ రకం తిప్పలు మీరు విసుక్కోకుండా పడగలరన్నదే తేల్చుకోవాలి. పరుపు ఎంత మెత్తగా ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

టెంట్‌ని తక్కువ చెయ్యొద్దు

డిక్కీలో పడుతుంది. అటకెక్కిస్తే ఏడాది పొడుగునా పైసా అడగదు. కొండదారి చివరా, చెట్ల సందునా, కాస్త చదునుగా ఉన్న నేల దొరికితే చాలు. క్యారవాన్‌కి ఆ దారే పట్టదు. కారుకి తగిలించే ముందు కొక్కెం, అదే హిచ్‌తో కలుపుకుని 6, 7 మీటర్ల పెట్టె, దాని ముందు మీ కారు. సన్నటి దారిలో ఎదురుగా ఇంకో బండి వస్తే మొత్తం వెనక్కి తియ్యడం మీ వంతు కావచ్చు. ఫెర్రీ టికెట్టు దగ్గర, టోల్ గేటు దగ్గర పొడవుకీ ఇరుసులకీ కలిపి లెక్క కట్టే చోట్లు కూడా ఉంటాయి.

టెంట్ ఓడిపోయేది వాన దగ్గరని అంతా అనుకుంటారు కానీ, మంచి టెంట్ వానకి బాగానే నిలబడుతుంది. అది ఓడేది నేల చలి దగ్గర. రాత్రి ఒంట్లో వేడిని కింద నేల లాగేస్తూ ఉంటే పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు. టెంట్‌లో పడుకోవడానికి అమ్మే మందపాటి చాపల మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత పెద్దదైతే కింది చలి అంత బాగా ఆగుతుంది. ఎండాకాలానికి 2 సరిపోతుంది, చల్లటి రాత్రులకి 4 పైన ఉండాలి. మీరు వెళ్ళేది వెచ్చటి నెలల్లో, ఒకటి రెండు రాత్రులకే అయితే, క్యారవాన్ డబ్బులో చిన్న ముక్క పెట్టి మంచి చాపలూ, నిలబడి బట్టలు మార్చుకునే ఎత్తున్న టెంటూ కొనుక్కోండి. ఆ గొడవ సగం అక్కడే తీరిపోతుంది.

ఒక గుర్తు మాత్రం చూసుకోండి. టెంట్, మడత మంచాలు, బల్ల, స్టవ్వు, ఐస్ పెట్టె, కింద పరిచే తివాచీ, ఇవన్నీ దింపి సర్దడానికి గంటకు పైగా పడుతోందంటే టెంట్‌కున్న తేలిక ఎప్పుడో పోయింది. మీరు ఇప్పటికే ఒక ఇల్లు మోస్తున్నారు, కాకపోతే ముక్కలు ముక్కలుగా.

మధ్యలో ట్రెయిలర్ టెంట్

దీన్ని చాలామంది చూడకుండానే దాటేస్తారు. చిన్న ట్రెయిలర్ మీద మడిచిన టెంట్ ఉంటుంది, విప్పితే మంచాలు నేలకి ఎత్తుగా వస్తాయి. కాబట్టి నేల చలి సమస్య పోతుంది. మడిచినప్పుడు ఎత్తు తక్కువ కనుక గాలి పెద్దగా తగలదు, వెనక అద్దంలో రోడ్డు కనిపిస్తుంది, చిన్న కారు కూడా లాగుతుంది. నిలిపేందుకు మామూలు గ్యారేజీ చాలు. లోపం ఒక్కటే, అదీ చిన్నది కాదు: గుడ్డ గుడ్డే. తడిస్తే ఇంటికెళ్ళి మళ్ళీ విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు. తడిగుడ్డ తిప్పలే మిమ్మల్ని టెంట్ నుంచి తరిమి ఉంటే ఇది దానికి మందు కాదు. చలీ, నడుం నొప్పీ కారణమైతే ఇదే మందు.

అసలు లెక్క: బరువు

క్యారవాన్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందు సోఫా మీద కూర్చుంటారు. నన్నడిగితే అంతకంటే ముందు, తలుపు పక్కనో, క్యారవాన్ ముందు భాగంలోని సామాను పెట్టెలోనో ఉన్న చిన్న రేకు మీది అంకెలు చదవాలి. అందులో అనుమతించిన గరిష్ఠ బరువు ఉంటుంది. దాంట్లోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీరు లోపల వేసుకోగలిగిన సామాను.

ఆ మిగులు ఎంత తక్కువో చూస్తే గుండె ఆగుతుంది. ఖాళీగా 1,100 కిలోలు, గరిష్ఠంగా 1,250 కిలోలు అనుకుందాం. చేతికి 150 మిగిలాయి. 40 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే 40 కిలోలు పోయాయి. ముందు వేసుకునే గుడ్డ వసారాకి, దాని కడ్డీలకి 25. చేత్తో తొయ్యకుండా చక్రాలకి మోటారు బిగించుకుంటే ఇంకో 30. ఇక 55 కిలోల్లో నలుగురి పడకలూ, గిన్నెలూ, బట్టలూ, కుర్చీలూ ఇమడాలి. కొన్ని కంపెనీలు బ్యాటరీని, గ్యాస్ బండని ఖాళీ బరువులో కలపవు. అప్పుడు ఆ 55 కూడా దక్కదు. అందుకే తెలిసినవాళ్ళు ట్యాంకు ఖాళీగా ఉంచుకుని వెళ్ళి అక్కడ నింపుకుంటారు, వసారాని కారులో పడేస్తారు. కారుకీ దాని హద్దు దానికుంటుందని మరవకూడదు.

కారు లాగగలిగే బరువు దాని పుస్తకంలో ఉంటుంది, అది దాటకూడదు. అది కాక కొత్తవాళ్ళకి చెప్పే పాత సూత్రం ఒకటుంది: నిండా సర్దిన క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం లోపు ఉండాలి. 1,500 కిలోల కారుకి 1,275 కిలోలన్నమాట. ఇది చట్టం కాదు, జాగ్రత్త. బరువైన పెట్టె తేలిక కారుని తోస్తుంది, తేలిక పెట్టె బరువైన కారు మాట వింటుంది. కాబట్టి క్యారవాన్ ముందు నచ్చి, తర్వాత దానికోసం పెద్ద కారు కొనే దారిలో పడితే ఖర్చు రెండింతలు. ఉన్న కారు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

హిచ్ మీద పడే బరువు ఇంకో ముఖ్యమైన సంగతి. యూరప్‌లో నిండా సర్దిన బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అమెరికా వాళ్ళ ట్రెయిలర్లకి 10 నుంచి 15. మన 1,250 కిలోల పెట్టెకి యూరప్ లెక్కన 62 నుంచి 88 కిలోలు. కారు టో బాల్‌కీ (వెనక హిచ్ కూర్చునే గుండు), హిచ్‌కీ కూడా హద్దులు రాసి ఉంటాయి, అన్నింటిలోకీ చిన్న అంకెనే పట్టుకోవాలి. చూసుకోవడం తేలికే. చదును నేల మీద చక్రాలకి అడ్డం పెట్టి, బాత్రూంలో బరువు చూసుకునే కాటాని హిచ్ కింద పెట్టి, టో బాల్ ఎత్తు వచ్చేలా ఒక చెక్కముక్కని కాటాకీ హిచ్‌కీ మధ్య నిలబెట్టి, హిచ్ దగ్గర క్యారవాన్‌ని నిలబెట్టే చిన్న చక్రాన్ని పైకి తిప్పండి. బరువు చెక్క మీదకి దిగగానే అంకె కనిపిస్తుంది. తక్కువైతే బరువైన సామాను కాస్త ముందుకి, ఎక్కువైతే ఇరుసు వైపుకి. వెనక మూలన ఎప్పుడూ వెయ్యకూడదు. వెనక బరువెక్కువై ముందు తేలిపోతే వేగంలో క్యారవాన్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని వేగం దానంతటదే తగ్గనివ్వాలి. గట్టిగా బ్రేకు కొట్టకూడదు, ఊపుకి ఎదురు తిప్పకూడదు.

లైసెన్సు సంగతి మీ దేశపు చట్టంలో చూసుకోండి. యూరప్‌లో మామూలు బి లైసెన్సు మీద 750 కిలోలు దాటిన ట్రెయిలర్ లాగాలంటే కారు, ట్రెయిలర్ అనుమతి బరువులు కలిపి 3,500 కిలోలు మించకూడదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 2021 డిసెంబరు నుంచి కారు లైసెన్సున్న వాళ్ళంతా 3,500 కిలోల ట్రెయిలర్ దాకా లాగొచ్చు.

కొత్తదా, పాతదా?

మొదటిది పాతదే కొనమంటాను. కొత్తది షోరూం గడప దాటగానే ధర పడిపోతుందన్న ఒక్క కారణానికే కాదు. మీకు నచ్చే అమరిక ఏదో మీకు ఇంకా తెలియదు. రోజూ సోఫా విప్పి పక్క వేసుకోవడం మొదటి రాత్రి సరదాగానే ఉంటుంది. అర్ధరాత్రి ఒకరు లేస్తే ఇద్దరూ లేవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. శాశ్వత మంచం ఉన్నది పొడవు, బరువు ఎక్కువ. ఈ బేరం ఎటు తేల్చుకోవాలో వాడితేనే తెలుస్తుంది, కాబట్టి తెలుసుకునే ఆ కాలం తక్కువ డబ్బుతో గడవడం మంచిది.

పాతదానికి శత్రువు చెమ్మ. చాలా పాత క్యారవాన్ల గోడలు పల్చటి అల్యూమినియం రేకుకీ లోపలి పలకకీ మధ్య చెక్క చట్రం, ఫోం పెట్టి కట్టినవి. రేకులు కలిసే చోట, కిటికీల చుట్టూ పెట్టిన సీలెంట్ ఎండి పగిలితే నీళ్ళు లోపలికి దిగి చెక్కని నెమ్మదిగా తినేస్తాయి, పైకి ఏమీ కనిపించదు. చూడ్డానికి వెళ్ళినప్పుడు తలుపు తియ్యగానే ముందు వాసన చూడండి. గది సువాసనలు దట్టంగా కొట్టి ఉంటే అనుమానించండి. సామాను పెట్టే అరల లోపలి మూలలూ, కిటికీల కింది అంచులూ బొటనవేలితో నొక్కండి. అట్ట నొక్కినట్టు లోపలికి వెళ్తే ఇక మాట్లాడక్కర్లేదు. తలుపు దగ్గరా, వంటగట్టు ముందరా నేల మీద బరువేసి నిలబడండి. నేల కిర్రుమని స్పంజిలా దిగితే పొరలు విడిపోయినట్టే. చెమ్మ కొలిచే మీటరు ఉంటే, 15 శాతం లోపు బాగున్నట్టు, 20 దాటితే నీళ్ళు దిగుతున్నట్టు. వాన వెలిసిన రోజున చూడ్డానికి వెళ్తే ఇంకా మంచిది.

తర్వాత టైర్లు. గీతలు కొత్తవిలా ఉన్నాయని మోసపోవద్దు. క్యారవాన్ టైర్లు అరిగి పోవు, నిలబడి నిలబడి పోతాయి. పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం చేసినది. అయిదేళ్ళు దాటితే మార్చుకోవడం మేలు, ఏడు దాటినవాటి మీద ప్రయాణమే వద్దు. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

కరెంటు, గ్యాస్

ఇక్కడ టెంట్‌వాళ్ళు త్వరగా నేర్చుకుంటారు, ఎందుకంటే పొదుపు అలవాటే. దిగిన చోట ఇచ్చే కరెంటు 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల కనెక్షన్ అయితే 2,300 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 2,000 నుంచి 3,000 వాట్లు తింటుంది, పక్కన హీటరు కూడా వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. తక్కువ వాట్ల కెటిల్ కొనుక్కోండి. కరెంటు లేని చోట 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ ఉన్నా అందులో సగం వాడుకుంటేనే దాని ఆయుష్షు నిలుస్తుంది. దీపాలకీ, నీళ్ళ పంపుకీ ఇది సరిపోతుంది.

చలికాలంలో తిరగాలనుకుంటే బ్యూటేన్ బండ వద్దు. చలి సున్నా డిగ్రీలకి దిగితే అది ఆవిరి కావడం మానేస్తుంది, స్టవ్వు నీరసిస్తుంది. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందా ఆవిరవుతుంది. పాత క్యారవాన్ అయితే గ్యాస్ రబ్బరు గొట్టం మీద తేదీ చూడండి, గాలి రంధ్రాలు బట్టలతో మూసేయకండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోండి. టెంట్‌లోకి కుంపటి తీసుకెళ్తే జరిగే ప్రమాదమే ఇక్కడా జరుగుతుంది.

ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడు సార్లు, ఎండాకాలంలో, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి మంచి టెంటే. నేల చలీ, నడుమూ బాధపెడుతుంటే, చిన్న కారుంటే ట్రెయిలర్ టెంట్. శుక్రవారం సాయంత్రం చీకటి పడ్డాక చేరుకుని ఆదివారం తిరిగొచ్చేవాళ్ళకి, వానాకాలమూ చలికాలమూ మానకూడదనుకునేవాళ్ళకి క్యారవాన్ నిజంగా పనికొస్తుంది. అక్కడ మిగిలేది సుఖం మాత్రమే కాదు, వెళ్ళడానికి వీలైన వారాలు పెరుగుతాయి. జర్మనీలో కొరడాలు అమ్ముతూ ఊళ్ళు తిరిగే ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ 1931లో కారు వెనక లాగే ఇల్లు కట్టుకున్నదీ అందుకే: పనిమీద తిరుగుతూనే తనవాళ్ళతో కలిసి ఉండొచ్చని.

ఇంటి దగ్గర నిలపడానికి చోటు లేకపోతే మాత్రం నిలిపే చోటి అద్దె, బీమా, ఏటేటా సర్వీసు కలిపి, ఏడాదిలో నిజంగా గడిపే రాత్రులతో భాగించి చూడండి. కొన్ని ఇళ్ళల్లో ఆ అంకె హోటల్ గది కంటే ఎక్కువ తేలుతుంది.

కొనేముందు ఒక వారాంతం అద్దెకి తీసుకోండి, వాన పడే అవకాశం ఉన్న వారాంతమే ఎంచుకోండి. ఖాళీ మైదానంలో గంటసేపు రివర్సు చేసి చూడండి: చెయ్యి స్టీరింగు అడుగున పెట్టి, క్యారవాన్ వెనక భాగం ఎటు వెళ్ళాలో చేతిని అటు జరపడం మొదటి పాఠం. ఆదివారం బయల్దేరే ముందు టాయిలెట్ కింద మురికి చేరే పెట్టెని, అదే క్యాసెట్టుని, బయటికి లాగి, నిండుగా ఉంటే ఇరవై కిలోలకి అటూఇటూ ఉండే ఆ పెట్టెని మోసుకెళ్ళి, పారబోసి, కడిగి తీసుకురండి. ఆ పని ఎవరు చెయ్యాలన్నది ఇంట్లో గొడవ లేకుండా తేలితే, వచ్చే వారం రేకు మీది అంకెలు చూడ్డానికి వెళ్ళొచ్చు.