ముల్తానీ మట్టి: ముఖానికి కాదు, మందిరానికి

కిరాణా కొట్లో దొరికే మామూలు ముల్తానీ మట్టి ప్యాకెట్ గురించి రాస్తున్నాను. ముఖానికి ఎలా పనిచేస్తుందో నన్నడగొద్దు, ఆ సరదా ఎప్పుడో తీరిపోయింది. నేను కొన్నది మా టేకు పూజామందిరం కోసం.

కార్తీకమాసం వెళ్లేసరికి కుందుల కింద చెక్క ఎలా తయారవుతుందో రోజూ దీపం పెట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు. కారిన నువ్వుల నూనె గాలికి చిక్కబడి, దానికి పసుపూ అగరొత్తుల బూడిదా తోడై, వేలు పెడితే అతుక్కుంటుంది.

పైపై జిడ్డుకి ఈ మట్టి దండగ. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గుడ్డ గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. పాలిష్ అరిగిన చోట చెక్కలోకి ఇంకిన నూనె ఉంటుందే, మట్టి పని అక్కడ. పొడిగానే మందంగా చల్లి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి రంగు మారి ఉండలు కట్టింది. చెక్క గీతల వెంబడి మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ కొత్త పొడి చల్లాను. ఈమధ్య పడ్డ మరకలు పోయాయి. పాత నల్లటి గుండ్రాలు లేతబడ్డాయంతే. ఎండి గట్టిపడ్డ నూనెని ఏ పొడీ పీల్చలేదు. దానికి టర్పెంటైన్ గుడ్డో, గరుకు కాగితమో పట్టాల్సిందే. టర్పెంటైన్ తీసే ముందు దీపం ఆర్పి, కిటికీలు తెరవండి.

నీళ్లు కలిపి ముద్దలా పూయమన్నారు కొందరు. నేను పూయలేదు. తడికి చెక్క నూగు లేస్తుంది, మట్టి సందుల్లో పట్టేస్తుంది. శానిటైజర్ అయితే అసలొద్దు. పాతకాలం లక్క పాలిష్ స్పిరిట్‌లోనే కరుగుతుంది కాబట్టి మరకతో పాటు పాలిష్ కూడా లేచొస్తుంది.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఖరీదైన వుడ్ స్ప్రే ఒకటి తెప్పించాను. నిమ్మ వాసన బ్రహ్మాండం, మెరుపూ బ్రహ్మాండమే, నూనె మాత్రం కింద అలాగే ఉంది.

మట్టితో చిరాకు లేకపోలేదు. దుమ్ము ఇల్లంతా ఎగురుతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. నగిషీల్లో ఇరుక్కున్న పొడికి పాత టూత్‌బ్రష్ కావాలి. అందుకే ఐదుకి నాలుగు.

కొనేటప్పుడు గులాబీ, గంధం కలిపిన ఫేస్‌ప్యాక్ రకం తీసుకోకండి. గడ్డలుగా అమ్మేది చవకే గానీ, దంచి జల్లించే ఓపిక ఉంటేనే.