పోస్టు ఎత్తేశాక: ఏజెన్సీలో కొలువా, సొంత ఏజెన్సీయా?

నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక సంస్థలో నేను తొమ్మిదేళ్ల నాలుగు నెలలు సెక్యూరిటీ మేనేజరుగా పనిచేశాను. అంతకుముందు 24 ఏళ్లు సైన్యంలో ఉండి నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేశాను. మార్చి నెలాఖరులో కొత్త సంవత్సరపు బడ్జెట్ కాగితం నా ముందు పెట్టినప్పుడు అందులో రెండు వరుసల మీద పెన్సిలు గీత కనిపించింది. ఒకటి నా పోస్టు, రెండోది నా కింద పనిచేసే అసిస్టెంటు పోస్టు. గార్డుల సంఖ్య తగ్గలేదు, గేట్లు తగ్గలేదు, రాత్రి గస్తీ తగ్గలేదు. వాటిని చూసుకునే మనుషులు మాత్రమే ఖర్చుగా తేలారు. ఆ సాయంత్రం తాళాల గుత్తి, మూడు గేట్ల రిజిస్టర్లు, ఎనిమిది వాకీటాకీలు అప్పగించి సంతకం పెడుతుంటే, తొమ్మిదో చార్జరు ఏదని స్టోర్ గుమాస్తా అడిగాడు. అది పోయి రెండేళ్లయిందని అప్పట్లోనే రాసిపెట్టిన పేజీ తీసి చూపించాక గాని నన్ను వదల్లేదు.

నా అసిస్టెంటు వయసు 41. నెల్లూరులో నాలుగేళ్లు హోంగార్డుగా చేసి, తర్వాత ఇక్కడ గార్డుగా చేరి, పన్నెండేళ్లలో ఆ స్థాయికి వచ్చాడు. అతను మొదట అడిగింది కోర్టుకు పోదామా అని. పోలీసు శాఖలో పనిచేసేవాళ్లను ఎవరూ ఇలా ఇంటికి పంపలేరు కదా అని అతని వాదన. రాజ్యాంగంలోని 311వ అధికరణం వాళ్లకు రక్షణ ఇస్తుందన్నది నిజమే గాని, ఆ రక్షణ శిక్షగా తొలగించినప్పుడే పనిచేస్తుంది. కేరళలో విజిలెన్స్ కమిషనర్ పోస్టునే ప్రభుత్వం రద్దు చేసినప్పుడు, సదుద్దేశంతో చేసిన పోస్టు రద్దు ఆ అధికరణం కింద డిస్మిసల్ గాని తొలగింపు గాని కాదని సుప్రీంకోర్టు 1973లో రామనాథ పిళ్లై కేసులో తేల్చింది. అంత పెద్ద కుర్చీకే లేని రక్షణ ప్రైవేటు గేటు దగ్గర మాకెక్కడిది? పైగా మనుషులను తగ్గించినప్పుడు పనివాళ్లకు దక్కే రిట్రెంచ్‌మెంట్ పరిహారం, అంటే చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం, మా ఇద్దరికీ వర్తించదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నెలకు 10,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లనూ, జీతంతో నిమిత్తం లేకుండా మేనేజర్లనూ పనివాళ్ల లెక్కలోకి రానివ్వలేదు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సూపర్‌వైజర్ల పరిమితిని 18,000కు పెంచినా మా జీతాలు దానికీ పైనే. జీతం పెరిగిన ప్రతిసారీ సంతోషపడ్డాం గాని, ఆ పెరుగుదల మమ్మల్ని చట్టం గొడుగు కింద నుంచి బయటికి నెడుతోందని ఒక్కసారీ అనుకోలేదు.

గ్రాట్యుటీకి మాత్రం మేనేజరా, గార్డా అన్న తేడా లేదు. నా చివరి బేసిక్ 22,000 కాబట్టి దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, తొమ్మిదేళ్లకు లెక్కకడితే 1,14,231 రూపాయలు వచ్చింది. పై నాలుగు నెలలు లెక్కలోకి రావు. ఆరు నెలలు దాటి ఉంటే మరో ఏడాది కలిసేది.

ఇక మా ముందు నిలిచిన దారులు చెబుతాను. మొదటిది సంస్థవాళ్లే చూపించారు. భద్రత పని మొత్తాన్ని ఒక ఏజెన్సీకి అప్పగిస్తున్నారు కాబట్టి, ఆ ఏజెన్సీ తరఫున అదే గేటు దగ్గర సూపర్‌వైజరుగా చేరవచ్చు, జీతం దాదాపు సగం. రెండోది వేరే ఏజెన్సీలో ఏరియా ఆఫీసరు ఉద్యోగం, ఒంగోలు కేంద్రంగా చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరగాలి. మూడోది సొంతంగా లైసెన్సు తీసుకుని ఏజెన్సీ పెట్టడం. బంధువులు నాలుగోది కూడా చెప్పారు, రొయ్యల గుంట కౌలుకు తీసుకోమని. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గుంటల మీద బాగుపడ్డవాళ్లనూ చూశాను, తెల్లమచ్చ తెగులు వచ్చి ఒక్క వారంలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు అమ్ముకున్నవాళ్లనూ చూశాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గుంట గట్టు మీద ధర ఎలా పడిపోయిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోయిన మనిషి చేతిలో ఉన్న గ్రాట్యుటీని నీళ్లలో పోసే పని అది. నేను దాన్ని పోలికలోకే తీసుకోలేదు.

మూడేళ్ల లా కోర్సు చదవాలన్న ఆశ నాకు కొద్దిరోజులు పుట్టింది. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు వయోపరిమితి లేదు, నెల్లూరులోనే కాలేజీ ఉంది. న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకునే ఎన్‌రోల్‌మెంట్ రుసుము జనరల్ అభ్యర్థుల దగ్గర 750 రూపాయలకు మించి వసూలు చేయకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చదువు పూర్తయ్యేసరికి నాకు 55 దాటుతాయి, ఆ తర్వాత కోర్టు వరండాలో జూనియరుగా నిలబడాలి. ఆశను అక్కడితో మడిచిపెట్టాను.

అదే గేటుకు సగం జీతంతో తిరిగి వెళ్లే దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు గాని, అందులో ఒక సుగుణం ఉంది. ఇల్లు మారనక్కర్లేదు, పిల్లల బడి మారనక్కర్లేదు. అమెరికాలోని కామ్డెన్ నగరంలో 2013లో నగర పోలీసు శాఖనే మూసేసి కౌంటీ పేరుతో కొత్త శాఖ పెట్టినప్పుడు పాత పోలీసులు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. అలా తిరిగి చేరినవాళ్లు అదే వీధుల్లో మునుపటికన్నా తక్కువ సౌకర్యాలతో పనిచేశారు. తుపాకీ ఉన్న ఉద్యోగానికే అది తప్పనప్పుడు, లాఠీ ఉన్న ఉద్యోగానికి నామోషీ ఏమిటని నాకు నేను చెప్పుకొని చూశాను. అయినా నా అభ్యంతరం నామోషీ కాదు. నిన్నటిదాకా నేను గైర్హాజరు వేసిన గార్డు రేపు నా పక్కన అదే హోదాలో నిలబడతాడు. రాత్రి రెండు గంటలకు నిద్రపోతున్న మనిషిని లేపే అధికారం చొక్కా మీద బిళ్లతో రాదు, ఆ గేటు దగ్గర పోయిన అధికారం ఆ గేటు దగ్గరే తిరిగి రావడం కష్టం. కొత్త చోట తక్కువ జీతానికి చేరడం దీనికన్నా మేలు.

అసలైన పోలిక మిగిలిన రెంటి మధ్యనే. లైసెన్సు విషయంలో 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం మాలాంటి వాళ్ల వైపే మొగ్గుతుంది. ఒక్క జిల్లాకు రుసుము 5,000 రూపాయలు, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది, అది చేతికి వచ్చిన ఆరు నెలల్లోగా పని మొదలుపెట్టాలి. కొత్త గార్డుకు 160 గంటల శిక్షణ కావాలి. మాజీ సైనికుడికి, మాజీ పోలీసుకు 56 గంటలు చాలు. సూపర్‌వైజరుగా తీసుకునేటప్పుడు సైన్యంలో గాని, పోలీసులో గాని, హోంగార్డుల్లో గాని మూడేళ్లు పనిచేసినవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ మాటలు చదివి మాకు ఎదురే లేదనుకున్నాం. నా అసిస్టెంటు ఏజెన్సీకి పేరు కూడా ఆలోచించాడు.

ఒక ఆదివారం అతని ఇంటి అరుగు మీద కూర్చుని పాత డైరీ వెనక పేజీలో లెక్క వేశాం. ఇరవై మంది గార్డులు, ఒక్కొక్కరికి 14,000 రూపాయలు. యజమాని వాటా ప్రావిడెంట్ ఫండ్ కింద ఇతర చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,820. ఉద్యోగుల బీమా ఈఎస్‌ఐ కింద 3.25 శాతం, అంటే 455. తలకు 16,275 చొప్పున నెలకు 3,25,500 అయింది. మా సర్వీసు చార్జీ ఎనిమిది శాతం వేసుకుంటే 26,040 వస్తుంది. పెద్ద సంస్థలు బిల్లు ఇచ్చిన అరవై రోజులకు గాని డబ్బు ఇవ్వవు, ఇది నేను ఆ బల్లకు అవతలి వైపు కూర్చుని తొమ్మిదేళ్లు చూసినదే. ఏప్రిల్ పనికి మే ఒకటిన బిల్లు ఇస్తే జూన్ నెలాఖరున డబ్బు వస్తుంది. ఈలోగా మే ఏడున ఒకసారి, జూన్ ఏడున మరోసారి మనం జీతాలు ఇచ్చి ఉంటాం. అంటే మొదటి రూపాయి చేతికి రాకముందే ఆరున్నర లక్షలు బయటికి పోతాయి. ఆ సొమ్ము రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 13,000 వడ్డీ, అంటే వచ్చే 26,040లో సగం అక్కడే ఆవిరి. పదిహేను మందికి ఒక సూపర్‌వైజరు ఉండాలని నిబంధన కాబట్టి ఇరవై మందికి ఇద్దరు కావాలి. ఆ రెండు స్థానాల్లో మేమే నిలబడితే తప్ప రెండో సగం కూడా మిగలదు.

నా అసిస్టెంటు కలం మూసి, "అన్నా, నీకు పింఛను వస్తుండాది. నాకు ఒకటో తేదీన డబ్బు రాకపోతే ఇంట్లో పొయ్యి ఎట్టా వెలిగేది?" అన్నాడు. వాళ్లావిడ లోపలి నుంచి మజ్జిగ తెచ్చి మా ముందు పెట్టింది గాని ఆ లెక్క వైపు చూడలేదు. అప్పటిదాకా నేను మా ఇద్దరి సమస్యనూ ఒకటే సమస్యగా చూస్తున్నాను. పోయిన పోస్టులు రెండూ ఒకే కాగితం మీద ఉన్నా, ఇళ్లు రెండు. సెక్యూరిటీ ఏజెన్సీ పైకి భద్రత వ్యాపారంలా కనిపించినా, లోపల అది పెద్ద సంస్థలకు వడ్డీ లేకుండా రెండు నెలలు అప్పు పెట్టే వ్యాపారం. అప్పు పెట్టడానికి మన ఇంట్లో ఆకలి ఆగాలి.

కాబట్టి అతనికి ఒంగోలు ఉద్యోగమే మేలని చెప్పాను. జీతం 24,000, ఇదివరకటికన్నా ఏడు వేలు తక్కువ. ఒంగోలు నుంచి చీమకుర్తి సుమారు 20 కిలోమీటర్లు, రాత్రిళ్లు బండి మీద క్వారీలు తిరిగి, పేలుడు పదార్థాలు నిల్వచేసే మేగజైను గది దగ్గర కాపలాదారు మెలకువగా ఉన్నాడో లేదో చూడాలి, లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర లారీ నంబరుకూ చీటీకీ పొంతన ఉందో చూడాలి. తేలిక పని కాదు. అయితే పన్నెండేళ్లలో పని నేర్చిన మనిషి అతను, క్వారీల ప్రాంతంలో ఏ యజమాని బిల్లు ఎన్నో రోజుకు ఇస్తాడో ఇంకొకరి డబ్బుతో తెలుసుకోగల చోటు అది. నా దృష్టిలో ఆ ఉద్యోగంలో జీతం తర్వాత విలువైనది ఆ సమాచారమే. ఆర్డరులో ప్రావిడెంట్ ఫండ్ మాట రాసి ఉందో లేదో చూసుకుని, పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకోమని మాత్రం గట్టిగా చెప్పాను. పదేళ్లు దాటింది కాబట్టి అతనికి 58వ ఏట ఉద్యోగుల పింఛను వస్తుంది.

నా సంగతి ఇందులో కొంచెం చిక్కుగా ఉంది. ఆ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, ఆరు నెలలు దాటితే ఏడాదిగా లెక్కిస్తారు. నాకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు, అంటే రెండు నెలలు తక్కువ. పింఛను లెక్కకు తీసుకునే 15,000 జీతం మీద పదేళ్లకు వచ్చేది నెలకు సుమారు 2,143 రూపాయలే అయినా, రెండు నెలల కోసం దాన్ని వదులుకోవడం తెలివితక్కువ. చాలామంది ఉద్యోగం పోగానే కోపంతోనో అవసరంతోనో పింఛను వాటాతో సహా మొత్తం తీసేసుకుంటారు. నేను దాన్ని కదిలించకుండా, నెల్లూరులోనే ఒక ఏజెన్సీలో శిక్షణ అధికారిగా మూడు నెలలు పనిచేసి లోటు పూడ్చుకున్నాను. ఆ మూడు నెలల్లోనే లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను, ఒక్క జిల్లాకు, 5,000 రుసుముతో. అంటే కొలువు తర్వాత సొంతం అన్న వరుసే నాకూ సరిపోయింది, గడువు మాత్రం అతనికన్నా చాలా చిన్నది.

ఏజెన్సీని కంపెనీగా రిజిస్టరు చేయమని ఆడిటరు సలహా ఇచ్చినా వ్యక్తిగత సంస్థగానే ఉంచాను. కారణం జీఎస్టీ. కంపెనీ అయితే 18 శాతం పన్ను బిల్లు ఇచ్చిన మరుసటి నెల 20వ తేదీకల్లా మనమే కట్టాలి, సంస్థ నుంచి డబ్బు రాకపోయినా సరే. కంపెనీ కాని ఏజెన్సీ జీఎస్టీ నమోదు ఉన్న సంస్థకు గార్డులను పంపితే, 2019 జనవరి నుంచి ఆ పన్ను తీసుకునేవాళ్లే నేరుగా కడుతున్నారు. ఆరున్నర లక్షల అప్పు చాలదన్నట్టు దాని మీద మరో లక్షకు పైగా పన్ను కూడా మనమే ముందుగా మోయడం ఎందుకు?

పని కోసం వెళ్లినప్పుడు నేను రేటు కన్నా ముందు బిల్లు తేదీ అడిగాను. ముత్తుకూరు వైపు ఒక గోదాముల యజమాని అరవై రోజులన్నాడు, మరోచోట ఒక ఫ్యాక్టరీ నలభై ఐదు అన్నది, రెంటికీ నమస్కారం పెట్టి వచ్చేశాను. మాగుంట లేఅవుట్‌లో ఒక అపార్టుమెంటు సంఘం కోశాధికారి, రిటైరైన టీచరు, కళ్లజోడు సర్దుకుని, "అయిదో తేదీ దాటితే నాకు నిద్ర పట్టదండీ" అన్నారు. అక్కడ నలుగురు, పొగతోటలో ఒక చిన్న ఆసుపత్రిలో అయిదుగురు, మొత్తం తొమ్మిది మంది ఇప్పుడు నా దగ్గర ఉన్నారు. సర్వీసు చార్జీ కింద మిగిలేది నా పాత జీతంలో మూడో వంతు కూడా కాదు, సైన్యం పింఛను లేకపోతే ఈ దారి నాకూ నప్పేది కాదు. చీమకుర్తి నుంచి నా అసిస్టెంటు వారానికోసారి ఫోను చేసి ఎంతమంది అయ్యారన్నా అని అడుగుతుంటాడు. పదహారో గార్డు వచ్చిన రోజు చట్టం ప్రకారం నాకు రెండో సూపర్‌వైజరు కావాలని అతనికి తెలుసు.