జంపర్ కేబుళ్లా, జంప్ స్టార్టరా, చార్జరా: దిగిపోయిన బ్యాటరీకి ఏది మేలు?

జూన్ మొదటి వారం రాగానే నాకు ఈ ప్రశ్నలు మొదలవుతాయి. వేసవి సెలవులకు ఊరికి వెళ్లినవాళ్లు తిరిగి వస్తారు. సెల్లార్‌లో దుమ్ము పట్టిన కారు తలుపు తీసి తాళం తిప్పుతారు. డాష్‌బోర్డు దీపాలు మసకగా వెలుగుతాయి, ముందు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంది, ఇంజన్ మాత్రం కదలదు. సంక్రాంతి తర్వాత వారంలోనూ ఇదే వరస. బంధువుల్లో, మా అపార్ట్‌మెంటులో బండి పనులు స్వయంగా చేసుకునేవాణ్ని కాబట్టి ఫోన్లు నాకే వస్తాయి. ఈసారి విజయవాడ నుంచి మా బావగారు చేశారు. "జంపర్ కేబుళ్లు కొనమంటావా, అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్ కొనమంటావా, చార్జర్ కొనమంటావా? ఏదో ఒకటి చెప్పు" అన్నారు.

ఈ మూడూ నా దగ్గర ఉన్నాయి, మూడూ వాడాను. జంపర్ కేబుళ్లు ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే తీగలు, జంప్ స్టార్టర్ ఆ పని ఒంటరిగా చేసే చిన్న లిథియం బ్యాటరీ, చార్జర్ ఇంటి కరెంటుతో బ్యాటరీని నింపేది. నా పాత బ్యాటరీ రెండేళ్లు నిండకుండానే పోయింది. చిన్న కారు బ్యాటరీ సరిగ్గా చూసుకుంటే మూడు నాలుగేళ్లు పనిచేయాలి. అది ముందే పోవడానికి తయారీ లోపం కారణం కాదు. ఆ రెండేళ్లలో ఆరేడు సార్లు దాన్ని జంప్ స్టార్ట్ చేసి, ప్రతిసారీ పని అయిపోయిందనుకుని వదిలేశాను. అందుకే ఈ మూడింటినీ పోల్చేటప్పుడు బండిని ఏది త్వరగా స్టార్ట్ చేస్తుందని నేను చూడను. స్టార్ట్ అయిన తర్వాత బ్యాటరీ ఏ స్థితిలో మిగులుతుందన్నదే చూస్తాను.

ముందు లెక్క చూడండి. ఆపి ఉంచిన కారు కూడా కొంత కరెంటు వాడుకుంటూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ తాళం కోసం ఎదురుచూసే రిసీవర్, ఇంజన్ కంప్యూటర్ జ్ఞాపకం, ఇవన్నీ కలిసి సుమారు 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయి. 40 అనుకుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడినంత. చిన్న కార్లలో చాలావాటికి ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే పద్దెనిమిది రోజులు ఊళ్లో ఉండి వచ్చేసరికి సగం ఖాళీ. జీపీఎస్ ట్రాకరో, ఆపినా పనిచేసే డాష్ కెమెరానో పెట్టించుకుంటే ఇంకా ముందే. దీనికి మన ఎండ తోడు. వేడికి బ్యాటరీ తనంతట తానే దిగిపోయే వేగం పెరుగుతుంది, లోపలి నీరూ తొందరగా తరుగుతుంది. చలిదేశాల్లో బ్యాటరీ మొండికేసేది శీతాకాలంలో. మన దగ్గర దాని ఆయుష్షు తినేది ఏప్రిల్, మే నెలల వేడి.

సగం ఖాళీగా ఉన్న బ్యాటరీని అలాగే వదిలేస్తే సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. మొదట అది మెత్తగా ఉంటుంది, చార్జ్ చేస్తే కరిగిపోతుంది. వారాలు గడిచేకొద్దీ స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. అలా గట్టిపడినంత భాగం ఇక తిరిగిరాదు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పేరుకు అంతే ఉంటుంది, పనికి ఇరవై మిగులుతుంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారైన అమరాన్ కొన్నా, ఎక్సైడ్ కొన్నా ఇందులో తేడా లేదు. 1859లో గాస్టన్ ప్లాంటే చేసిన సీసం, సల్ఫ్యూరిక్ ఆసిడ్ సూత్రమే ఈనాటికీ లోపల నడుస్తోంది.

కేబుళ్లతోనైనా, జంప్ స్టార్టర్‌తోనైనా జంప్ స్టార్ట్ చేయడం చేబదులు లాంటిది. ఆ పూట గడుస్తుంది. బ్యాటరీలో తరిగిపోయిన పదిహేను ఇరవై ఆంపియర్ అవర్లు మాత్రం తిరిగి రావు. "తర్వాత అరగంట నడిపితే నిండుతుంది కదా" అంటారు. నిండదు. మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర కరెంటు ఇస్తుంది, నిజమే. ఖాళీ బ్యాటరీ మొదట్లో ఆత్రంగా తీసుకుంటుంది కూడా. కానీ ముప్పావు వంతు నిండాక ఆ వేగం బాగా పడిపోతుంది, చివరి పావు నిండడానికి గంటలు కావాలి. నగరంలో సిగ్నల్ దగ్గర ఆగుతూ, ఏసీ వేసుకుని, హెడ్‌లైట్లు పెట్టుకుని వెళితే బ్యాటరీకి మిగిలేది ఇంకా తక్కువ. అరగంట ప్రయాణం మరుసటి రోజు స్టార్ట్ కావడానికి సరిపడా ఇస్తుంది. అందువల్లే మనకు అంతా బాగుందనిపిస్తుంది. లోపల బ్యాటరీ మాత్రం ఎప్పుడూ సగం కడుపుతోనే ఉండిపోతుంది.

"రోజూ వాచ్‌మన్‌తో ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించి ఆపిస్తున్నాను" అని చెప్పేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని మానేయండి. ఐదు నిమిషాల్లో స్టార్టింగ్‌కు ఖర్చయినదీ, ఆ రోజు కారిపోయినదాంట్లో కొంతా తిరిగి రావచ్చు, అంతకు మించి లేదు. పైగా ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోవడంతో ఆయిల్లో, సైలెన్సర్‌లో తేమ చేరుతుంది. వారానికి ఒకసారి ముప్పై నలభై కిలోమీటర్లు హైవే మీద తిప్పి తీసుకురావడం దానికంటే ఎంతో మేలు.

ఇక ఒక్కొక్కదాని సంగతి. జంపర్ కేబుళ్లు అన్నిటికంటే చవక. ఎండలో డిక్కీలో ఏళ్ల తరబడి పడి ఉన్నా పాడుకావు. కొనేటప్పుడు పైతొడుగు లావు చూసి మోసపోవద్దు, లోపలి రాగిని చూడాలి. సెల్ఫ్ మోటారు చిన్న కారులో కూడా 150 ఆంపియర్ల వరకు లాగగలదు. రెండున్నర మీటర్ల పొడవున 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉంటే దారిలో పోయేది ఒక వోల్టు లోపే. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగైతే రెండు వోల్టులకు పైగా పోతుంది, ఇంజన్ తిరగదు, తీగ మాత్రం వేడెక్కుతుంది. చవకగా దొరికేవాటిలో అల్యూమినియం మీద రాగి పూత పూసినవే ఎక్కువ.

తగిలించే వరస తెలిసినవాళ్లు కూడా చివరి క్లిప్పు దగ్గర తప్పు చేస్తారు. ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆ నల్లదాని రెండో కొసను దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు పెట్టకూడదు. బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజన్ లోహానికి పట్టించాలి. చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ మూతల దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు. రెండూ ఒకచోట కలవకూడదనే ఈ జాగ్రత్త. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. సాయం చేస్తానన్నాడు కదా అని లారీ నుంచి మాత్రం తీసుకోవద్దు. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, కారులోని కంప్యూటర్లు కాలిపోతాయి. ట్రాక్టర్లు సాధారణంగా 12 వోల్టులవే, బ్యాటరీ మీద చూసి నిర్ధారించుకోండి.

కేబుళ్లకు అసలు ఇబ్బంది రెండో కారు. సెల్లార్‌లో కారు ముక్కు గోడకు ఆనించి, రెండు స్తంభాల మధ్య ఉంటుంది. ఇంకో కారు దాని పక్కకు రావడానికి చోటు ఉండదు. అక్కడ లిథియం జంప్ స్టార్టర్ బాగా పనికొస్తుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు, రెండు క్లిప్పులు తగిలిస్తే ఒక నిమిషంలో ఇంజన్ అందుకుంటుంది. రాత్రివేళ ఒంటరిగా బండి నడిపేవాళ్లకు దాన్ని మించిన ధైర్యం లేదు. కానీ మన దగ్గర దానికి పెద్ద చిక్కు ఉంది. మే నెలలో ఎండలో మూసి ఉంచిన కారు లోపల డాష్‌బోర్డు దగ్గర 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం బ్యాటరీని ఆ వేడిలో ఉంచడం ప్రమాదం. అందుకని ఇంట్లో పెడతాం. బండి ఆగిపోయేదేమో ఇంకెక్కడో. నాది ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది, దూరప్రయాణం ఉన్నప్పుడే సంచిలో పెట్టుకుని వెళతాను. మూడు నెలలకోసారి దాన్నీ చార్జ్ చేయాలి, లేకపోతే అవసరానికి అదీ ఖాళీగా ఉంటుంది.

చార్జర్ దగ్గరికి వస్తే, నా ఓటు దీనికే. వేగం దీని గుణం కాదు. బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు కరెంటుతో, అంటే 35 ఆంపియర్ అవర్లకు మూడున్నర ఆంపియర్లతో, రాత్రంతా నింపుతుంది. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ నిండిన తర్వాత కూడా తోస్తూనే ఉంటుంది, నీరు ఆవిరి చేస్తుంది. అది కొనవద్దు. స్మార్ట్ చార్జర్ మొదట నిండు కరెంటు ఇస్తుంది, 14.4 వోల్టుల దగ్గర నిలిపి నెమ్మదిస్తుంది, ఆ తర్వాత 13.5 వోల్టుల చుట్టుపక్కల కాపాడుతూ ఉంటుంది. మరచిపోయి రెండు రోజులు వదిలేసినా నష్టం లేదు. బ్యాటరీ మరీ అడుగంటిపోతే కొన్ని స్మార్ట్ చార్జర్లు దాన్ని గుర్తించవు, ఈ లోపం ఒకటి ఉంది.

దీనితో పాటు వోల్టులు కొలిచే ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. బండి ఆపి రాత్రంతా వదిలేశాక పొద్దున బ్యాటరీ మీద పెట్టి చూడాలి. 12.6 గానీ 12.7 గానీ చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు మిగిలింది. పూర్తిగా చార్జ్ చేశాక కూడా 10.5 దగ్గర ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే, అప్పుడు కొత్త బ్యాటరీ తప్ప దారి లేదు. బ్యాటరీ మీది పచ్చ చుక్కను నమ్ముకోవద్దు, అది ఆరింట్లో ఒక్క సెల్లునే చూస్తుంది.

సెల్లార్‌లో ప్లగ్ లేకపోవడమే చార్జర్‌కు అడ్డంకి. అప్పుడు బ్యాటరీ విప్పి పైకి తీసుకువెళ్లాలి. చిన్న కారుదైనా పది కిలోల దాకా ఉంటుంది. 10 నంబరు స్పానర్‌తో మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇంట్లో స్టవ్ దగ్గర గానీ, దేవుడి గదిలో దీపం దగ్గర గానీ పెట్టి చార్జ్ చేయవద్దు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది. గాలి ఆడే బాల్కనీలో పెట్టండి. మూతలు తీసే రకమైతే నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయండి, అదీ చార్జింగ్ అయ్యాకే. ఎప్పుడూ ఆసిడ్ పోయవద్దు, కుళాయి నీళ్లూ వద్దు.

బ్యాటరీ షాపులో ఇస్తే "రెండు గంటల్లో ఇచ్చేస్తాం" అంటారు. రాత్రంతా ఉంచి నెమ్మదిగా చార్జ్ చేయమని అడగండి. నెట్టి స్టార్ట్ చేయడం గేర్ల బండికే కుదురుతుంది, ఆటోమేటిక్‌కు కుదరదు. ఇన్సూరెన్సుతో పాటు రోడ్డు సాయం తీసుకుని ఉంటే ఆ నంబరు ఫోనులో పెట్టుకోండి, వచ్చేవాళ్లు తెచ్చేదీ జంప్ స్టార్టరే.

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే పెద్దలు నన్ను విడిగా అడుగుతారు. వాళ్లకు నా మాట వేరు. వెళ్లే ముందు బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయించి మైనస్ టెర్మినల్ విప్పేసి వెళ్లండి. రేడియో, గడియారం మళ్లీ సరిచేసుకోవాలి, అంతే. రిమోట్ పనిచేయదు కాబట్టి తాళంచెవితో ఎలా తెరవాలో ముందే చూసుకోండి. మధ్యలో మూడో నెలలో ఎవరిచేతనైనా ఒకసారి చార్జ్ చేయిస్తే ఇంకా మంచిది.

ఇంతకీ బావగారి సంగతి. ఆదివారం తప్ప కారు తీయరు. మూడో అంతస్తులో ఉంటారు, నడుము నొప్పి, బ్యాటరీ మోయలేరు. ముందు జంప్ స్టార్టర్ కొందామనే అనుకున్నారు. నేను వద్దని, సెల్లార్‌లో ప్లగ్ పాయింటు గురించి అసోసియేషన్‌ను అడగమన్నాను. "ఉమ్మడి కరెంటు బిల్లు పెరుగుతుంది" అని ఇద్దరు అడ్డు చెప్పారట. పావు మిగిలిన బ్యాటరీని నింపడానికి ఇరవై ఆరు ఆంపియర్ అవర్లు, 14 వోల్టులు, చార్జర్‌లో పోయేదీ కలిపి అర యూనిట్ అవుతుందని కాగితం మీద వేసి పంపాను. ఆ కాగితం చూపించాక ఒప్పుకున్నారు. మీటర్ల బోర్డు పక్కన ఒక సాకెట్ బిగించారు. శనివారం సాయంత్రం ఏడింటికి ఆయన చార్జర్ తగిలించినప్పుడు బ్యాటరీ మీద 12.0 ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికి పచ్చ దీపం వెలిగింది. చార్జర్ తీసేసి బండిని కదపకుండా ఉంచి సాయంత్రం చూస్తే 12.7. ఆ సాకెట్‌కు ఇప్పుడు నాలుగో ఫ్లోరు వాళ్లు శుక్రవారం తమ వంతు అని పేరు రాసుకున్నారు.