ఐర్లండ్ ద్వీపాంతర ఖైదీల పట్టిక: ఎంతవరకు పనికొస్తుంది?

రంపా పితూరీలో అండమాన్‌కు పంపిన వాళ్ల మీద ప్రాజెక్టు రాసే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం కాలేజీ పిల్లలకి పక్కన పెట్టి చూడ్డానికి ఇంకో దేశం కావాలంటే ఐర్లండ్ మంచిది. ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీల పట్టికను ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత రికార్డుల సంస్థ) ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. అయిదుకి నాలుగు ఇస్తాం. మనిషిని ఓడ ఎక్కించేదాకా బాగా చూపిస్తుంది, ఆ తర్వాతి బతుకు ఇందులో దొరకదు.

పెద్ద లోటు ముందే చెప్పాలి. 1836కి ముందటి రిజిస్టర్లు 1922లో డబ్లిన్ రికార్డుల భవనంతో పాటే కాలిపోయాయి. అంతకుముందు శిక్ష పడినవాడు కనబడాలంటే తనో, తనవాళ్లో పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీ మిగిలి ఉండాలి. పేరు రాలేదు కాబట్టి పంపలేదని మాత్రం రాసేయకండి. ఇంగ్లండ్‌లో శిక్ష పడ్డ ఐరిష్ వాళ్లూ ఇందులో రారు.

ఇంటిపేరు ఒక్కటే కొట్టి ఊరుకోవద్దు. ఓబ్రయన్ ముందున్న ‘ఓ’ ఎగిరిపోయి ఉండొచ్చు, రైలీకి రెండు మూడు స్పెల్లింగులు. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లినవాళ్లని వెతికేవాళ్లకి ఈ తిప్పలు కొత్త కాదు. ఆ గడి ఖాళీగా వదిలి కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది), సంవత్సరం ఇచ్చి చూడండి. మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847లో ఐర్లండ్‌లో ఘోరమైన కరువు. గొర్రె దొంగతనం, ఆవు దొంగతనం అని వరసగా వస్తుంటే గుండె బరువెక్కుతుంది. విచారణ జరిగిన చోటుని పుట్టిన ఊరు అనుకోకండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

దొరికాక ఓడ పేరు, విచారణ తేదీ రాసుకోండి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు పంపడం 1840లో ఆగింది, ఆ తర్వాత ఎక్కువమంది వెళ్లింది టాస్మానియాకే. ఖైదీల నడవడిక రిజిస్టర్లను అక్కడి ప్రభుత్వ గ్రంథాలయం స్కాన్ చేసి ఉచితంగా ఇస్తోంది. ఎత్తు, ఒంటిమీది మచ్చలు, పచ్చబొట్లు, తాగి దొరికితే వేసిన శిక్ష, దాని తేదీ అన్నీ ఉంటాయి. రాత గొలుసుకట్టు, పైగా అన్నీ పొడి అక్షరాలు, కాబట్టి పెద్దది చేసుకుని ఓపిగ్గా చదవాలి.

న్యూ సౌత్ వేల్స్‌కు వెళ్లినవాళ్లయితే టికెట్ ఆఫ్ లీవ్ చూడండి, అంటే శిక్ష పూర్తికాకముందే బయట సొంతంగా పని చేసుకుని బతకడానికి ఇచ్చిన అనుమతి పత్రం. సరిగ్గా నడుచుకుంటే 7 ఏళ్ల శిక్షకి 4 ఏళ్లకి, 14కి 6కి, యావజ్జీవానికి 8కి ఇచ్చేవారు. అది చేతిలో ఉన్నా జిల్లా దాటాలంటే మళ్లీ అనుమతి కావాలి. అందుకే దాని మీది జిల్లా పేరు పట్టుకుంటే మనిషి ఎక్కడ బతికాడో తేలుతుంది.