లిబ్‌బీపీఎఫ్‌లో కెర్నల్ సింబల్: టైపు లేకుండానా, టైపుతోనా?

లైనక్స్ కెర్నల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామే బీపీఎఫ్ ప్రోగ్రామ్; దాన్ని కెర్నల్‌లోకి లోడ్ చేసే లైబ్రరీ లిబ్‌బీపీఎఫ్. ఆ ప్రోగ్రామ్‌లో కెర్నల్ సింబల్‌ని (కెర్నల్‌లోని వేరియబుల్ లాంటి దాని పేరుని) టైపు చెప్పకుండా వాయిడ్ అని ప్రకటిస్తే, లోడ్ చేసేటప్పుడు లిబ్‌బీపీఎఫ్ కాల్‌సిమ్స్ ఫైలు (కెర్నల్ సింబల్స్, వాటి అడ్రస్‌ల జాబితా) తిరగేసి దాని అడ్రస్ తెచ్చిపెడుతుంది. ప్రోగ్రామ్ సురక్షితమో కాదో లోడ్ దగ్గర తనిఖీ చేసే కెర్నల్ భాగం వెరిఫయర్‌కి అది ఉత్త 64 బిట్ల అంకె. పోల్చుకోవచ్చు, ప్రింట్ చేసుకోవచ్చు; నేరుగా లోపల ఏముందో చదవనివ్వదు. అడ్రస్ ఒక్కటే కావాలంటే ఇది చాలు.

అదే రన్‌క్యూస్ అనే కెర్నల్ వేరియబుల్‌ని (సీపీయూల మీద నడవాల్సిన పనుల క్యూలు) స్ట్రక్ట్ ఆర్‌క్యూ అని దాని టైపుతో ప్రకటించండి, కథే మారిపోతుంది. లిబ్‌బీపీఎఫ్ కెర్నల్ బీటీఎఫ్‌లో (కెర్నల్ టైపుల వివరాలుండే సమాచారం) ఆ పేరు వెతికి, టైపులు పొసగుతాయో లేదో చూసి, అడ్రస్‌కి బదులు బీటీఎఫ్ ఐడీ రాస్తుంది. అసలు అడ్రస్ నింపేది కెర్నలే. ఇక ఫీల్డులు నేరుగా చదవచ్చు. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే టైపు తప్పు లోడ్ దగ్గరే బయటపడుతుంది. రన్‌క్యూస్ ప్రతి సీపీయూకీ విడిగా ఉంటుంది కనుక ముందు పర్ సీపీయూ పాయింటర్ హెల్పర్‌ని (కావలసిన సీపీయూ కాపీకి పాయింటర్ ఇచ్చే కెర్నల్ ఫంక్షన్) పిలిచి, వచ్చింది నల్ కాదని చూసుకోవాలి. ఆ చెక్ మరిచిపోతే వెరిఫయర్ ఒప్పుకోదు.

దీనికి బీటీఎఫ్‌తో బిల్డ్ అయిన 5.10 లేదా ఆపై కెర్నల్ కావాలి. వేరియబుల్ బీటీఎఫ్‌లో లేకపోతే లోడ్ ఆగిపోతుంది. ప్రకటనలో వీక్ (దొరక్కపోయినా ఫర్వాలేదు) అని రాసుంటే అడ్రస్ సున్నాగా మిగిలి ముందుకు సాగుతుంది. చాలా కెర్నళ్ల బీటీఎఫ్‌లో పర్ సీపీయూ వేరియబుల్సే ఉంటాయి, మామూలు గ్లోబల్స్‌కి మొదట చెప్పిన వాయిడ్ దారే గతి.