మూడేళ్లుగా ఊదుతున్న ఈల

కుక్కల పార్కులో మా చుక్కను వెనక్కి పిలవడానికి ఈ ఈల కొని మూడేళ్లు దాటింది. రంగు, బరువు, తాడు సంగతి వదిలేస్తాను. నాకు దీనిమీద ఇష్టం పుట్టింది ఒక్క కారణానికి: దీనికి కోపం రాదు.

నా గొంతుకు వస్తుంది. చుక్క వేరే కుక్క మీదికి ఉరుకుతుంటే, నేను ‘చుక్కా!’ అని అరిచే అరుపులోనే ‘ఇవాళ నీ పని చెప్తా’ అన్నది కూడా వినిపించేస్తుంది. అలా పిలిస్తే ఏ కుక్క వస్తుంది? ఈల మాత్రం నేను విసిగినా, భయపడినా ఒకేలా మోగుతుంది.

దీనికి ముందు, మనుషులకు వినపడని రకం వాడాను. 1876లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తయారుచేసిన ఈల తరహాది. మన చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఆగిపోతుంది, కుక్క చెవి 45 వేల దాకా అందుకుంటుంది. పక్కవాళ్లకు ఇబ్బంది ఉండదు కదా అని కొన్నాను. కానీ దాని శృతి మార్చే స్క్రూ జేబులో కాస్త తిరిగిపోయినా నాకు తెలిసే దారి లేదు. బుగ్గలు నొప్పెట్టేలా ఊదేవాణ్ణి, మోగుతోందో లేదో చుక్కకే తెలియాలి. అందుకే ఒకే శృతిలో మోగే ఈ మామూలు ఈలకు మారాను.

కొన్న ఏడాదికి ఇది పనిచేయడం మానేసింది. ఊదితే చుక్క నావైపు ఒకసారి చూసి, అవతలి మూలకు పరుగెత్తేది. చెత్త ఇరుక్కుందేమోనని వేడినీళ్లలో కడిగాను. లాభం లేక అలాంటిదే ఇంకోటి కొన్నాను. అదీ అంతే.

ఒక సాయంత్రం చుక్క ఒక కుక్కపిల్లను తరుముతోంది. ఆటైతే ముందుకాళ్లు వంచి, నడుము పైకెత్తి పిలుచుకుంటాయి. కాసేపు ఇది తరిమితే కాసేపు అది తరుముతుంది. ఇక్కడ వంతులు మారడం లేదు. పిల్ల తోక కాళ్ల మధ్య ముడుచుకుని బెంచీ కిందికి దూరింది. ఒకటి, రెండు, మూడు ఈలలు. చుక్క ఒక చెవి కదిపింది, అంతే. నేను పరుగెత్తి పట్టుకునేసరికి పిల్ల వణికిపోతోంది. క్షమాపణ చెప్పబోయాను. పిల్లను తెచ్చినావిడ తిట్టలేదు. “మీ ఈల వినపడితే మీరు ఇంటికెళ్లే టైమయిందని మాకూ తెలుస్తుందండీ” అన్నారు.

ఇంటికొచ్చేదాకా ఆ మాటే నమిలాను. ఏడాదిగా నేను ఈల ఊదుతున్నది రోజుకు ఒక్కసారే, బయల్దేరే ముందు. మిగతా సేపంతా నా కళ్లు ఫోన్‌లో. చుక్క లెక్కలో ఈలంటే ఆట బంద్. పాడైంది ఈల కాదు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. పార్కు బయట, పొడవాటి తాడు కట్టి: ఊదడం, వస్తే ఒక తిండి ముక్క పెట్టడం, వెంటనే వదిలేయడం. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పార్కులో ఉన్నంతసేపట్లో ఆరుసార్లు పిలిస్తే ఐదుసార్లు మళ్లీ ఆటకే పంపిస్తాను. లోపల మాత్రం ముక్క పెట్టను. నాలుగు మూతులు చేరితే తగువు మొదలైనట్టే. చెవి వెనక గోకితే చాలు, దానికదే బహుమానం.

ఒకేలా మోగుతుందన్నాను గానీ, కంగారులో నేను కాస్త పొడుగ్గా ఊదుతాను. ఆ తేడా చుక్క పట్టేస్తుంది.

అందరూ కొనొచ్చా అంటే ఏమో. మా చుక్కకు ఐదేళ్లు, తిండి ఆశ ఎక్కువ. నేను రద్దీ లేని వేళల్లోనే వెళ్తాను, గేటు దగ్గర కుక్కలు గుమిగూడి ఉంటే కాసేపు బయటే తిరుగుతాను. వాసన పడితే లోకం మరిచే వేటజాతి కుక్కల మీద ఇది ఎంత పనిచేస్తుందో వాటిని పెంచేవాళ్లే చెప్పాలి.

అనవసరంగా కొన్న ఆ రెండో ఈల పిల్లను తెచ్చినావిడకే ఇచ్చేశాను. రెండూ ఒకే శృతి. ఇప్పుడు నేను ఊదితే ముందు ఆవిడ కుక్క వస్తోంది, తర్వాత చుక్క.