ఎగ్ రోల్ ఓకే, కబుర్లు మాత్రం ఈడెన్ గార్డెన్స్

కంచరపాలెంలో రైల్వే క్వార్టర్స్ వైపు ఒక సందులో ఉంది ఈ షాపు. బోర్డు లేదు, ఉన్న ఒక్క ఫ్లెక్సీ ఎండకి తెల్లబడిపోయి అక్షరాలు కనపడవు, ఖరగ్‌పూర్ రోల్ షాపు ఎక్కడండీ అని ఎవర్నడిగినా చూపిస్తారు. నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాకే రాస్తున్నా, ఒక్క ప్లేటు తిని స్టార్లు ఇచ్చేసే టైపు కాదు నేను.

ముందు తిండి సంగతి. ఎగ్ రోల్ 60, చికెన్ రోల్ 90. పరాఠా బాగా కాలుస్తాడు, లోపల ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన నిమ్మకాయ, అంతే, సాస్ అడిగితే వేస్తాడు గానీ మొహం అదోలా పెడతాడు. బానే ఉంది, కాకపోతే మన వైజాగ్‌లోనే ఇంతకంటే మంచి రోల్ తిన్నా. ఫిష్ ఫ్రై మాత్రం అదిరిపోయింది, కలకత్తావాళ్ళు భెట్కీ భెట్కీ అని కలవరిస్తారే అది మన పండుగప్పే, మందంగా కోసి బ్రెడ్ పొడి పట్టించి వేయిస్తాడు, పక్కన కాసుంది అని ఆవాల పచ్చడి ఒకటి ఇస్తాడు, కాస్త ఎక్కువ తగిలిందా ముక్కులోంచి నేరుగా మాడుకి ఎక్కుతుంది. ముడీ (వాళ్ళ మరమరాల మిక్చర్) కూడా ఉంది గానీ బీచ్‌లో మురీ మిక్చర్ తిని పెరిగిన నోళ్ళు మనవి, ఆ పచ్చి ఆవనూనె వాసన మొదటిసారి నాకు పడలేదు. ఇప్పుడు అలవాటైపోయింది.

అసలు మేటర్ ఇది కాదు. ఆదివారం సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి. బయట రెండు బెంచీల మీద నలుగురైదుగురు రిటైర్డ్ రైల్వే పెద్దాయనలు ఉంటారు, అందరూ ఏదో ఒక టైంలో ఖరగ్‌పూర్‌లోనో గార్డెన్ రీచ్‌లోనో పనిచేసినవాళ్ళే. మన వాల్తేరు డివిజన్ 2003 దాకా సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందే ఉండేది కదా, హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. ఓనర్ కూడా ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగాయనే, వాళ్ళ నాన్న అక్కడ రైల్వే వర్క్‌షాప్‌లో చేశారంట. మాట మన శ్రీకాకుళం యాసే, కోపమొస్తే మాత్రం బెంగాలీలోకి దిగిపోతాడు.

వీళ్ళకి సినిమా వద్దు, రాజకీయం వద్దు. కలకత్తా ఫుట్‌బాల్ ఒక్కటే, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు, మధ్యలో మా రైల్వే టీమ్ బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే). సికింద్రాబాద్ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడి తర్వాత బీఎన్నార్‌కి వచ్చారని, 1964 ఆసియా కప్‌లో సౌత్ కొరియా మీద గోల్ కొట్టిన అప్పలరాజు పేరు మన సింహాచలం అప్పన్న పేరేనని, ఇలా మొదలవుతుంది. పది నిమిషాల్లో ఆట పక్కకి పోయి జనం గోల మొదలు. నిజానికి వీళ్ళకి గోల్సు సరిగ్గా గుర్తులేవు, గ్యాలరీలో ఎవడు ఎవడ్ని కొట్టాడో మాత్రం నిన్న జరిగినట్టు చెప్తారు.

కలకత్తా మైదాన్‌లో (క్లబ్బుల గ్రౌండ్లు ఉండే చోటు) టికెట్ దొరకనోళ్ళు పెరిస్కోప్‌తో మ్యాచ్ చూసేవారంటే నేను నమ్మలేదు. గార్డుగారు (గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు, అందరూ అలాగే పిలుస్తారు) లేచి, చేతులు కడుక్కునే చోట మేకుకి ఉన్న చిన్న అద్దం తీసి, ఓనర్ దగ్గర అగరొత్తుల పొడుగు డబ్బా అడిగి, పై చివర అద్దం ఏటవాలుగా పెట్టి, కింద ఇంకో అద్దం ఇట్టా ఉండాల్రా అని తన ఫోన్ స్క్రీన్ ఆపేసి అడ్డం పెట్టారు. నా కన్ను ఆనించి చూస్తే నల్లటి గాజులో పైన కరెంటు తీగ మీద కాకి కనపడింది. ఒట్టు, కనపడింది. అట్టపెట్టె పెరిస్కోపులు అమ్మేవాళ్ళు కూడా ఉండేవారంట, వెనకాల నిలబడ్డవాడు "గోలా కాదా చెప్పు" అని జబ్బ పట్టుకుని ఊపేస్తుంటే అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడేది కాదంట.

గుర్రప్పోలీసుల కథ వేరే. కలకత్తా పోలీసులకి గుర్రాల దళం ఉంది కదా, క్యూ వంకర పోయిందంటే గుర్రాన్ని అడ్డంగా నడిపించేవారు, అది తోకతో మొహం మీద కొట్టినా నోరెత్తకూడదు. గెలిచిన రోజు న్యూస్‌పేపర్లు చుట్టి కాగడాల్లా వెలిగిస్తే గ్యాలరీ మొత్తం మంటలే, పక్కవాడి చొక్కా అంటుకుంటే ఇద్దరూ కలిసి ఆర్పి మళ్ళీ వెలిగించుకునేవారు. మ్యాచ్ అయ్యాక గ్యాలరీ నిండా ఒంటి చెప్పులు. తొక్కిసలాటలో ఊడిపోయినవి, జత కుదరవు. గార్డుగారు ఒకసారి కుడికాలికి బాటా, ఎడమకాలికి లేడీస్ చెప్పు వేసుకుని హౌరాలో లోకల్ ఎక్కారంట, ఇది చెప్పినప్పుడల్లా నిలబడి నడిచి చూపిస్తారు, నేను మూడుసార్లు చూశా, మూడుసార్లూ నవ్వొచ్చింది.

ఇంకొకాయన 1975 ఐఎఫ్ఏ షీల్డ్ (అక్కడి ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్ ఎత్తుతారు, మోహన్ బగాన్‌ని ఈస్ట్ బెంగాల్ 5-0 కొట్టిన మ్యాచ్. ఆ రాత్రి మోహన్ బగాన్ ఆటగాళ్ళు కొందరు సొంత అభిమానులకి భయపడి గంగలో పడవ మీద దాక్కున్నారని చెప్తారు. వెంటనే రొయ్యా ఇలసా గొడవ. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలస చేప వండుకోవడం అక్కడి ఆచారం, ఎవరు గెలిస్తే ఆ సరుకు రేటు లేచిపోతుంది. మన గోదావరి పులస ముందు మీ గంగ ఇలస ఏపాటిది అని నేనొకసారి నోరు జారా. అరగంట పట్టింది బయటపడడానికి.

కొంచెం డిస్కౌంట్ ఇచ్చి వినాలి లెండి. 1977లో పెలే కాస్మోస్ టీమ్‌తో ఈడెన్‌కి వచ్చి మోహన్ బగాన్‌తో ఆడాడు, 2-2 డ్రా. ఆ మ్యాచ్‌కి బెంచీ మీద అందరూ వెళ్ళినవాళ్ళే! వీళ్ళ లెక్క ప్రకారం ఆ రోజు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో సిగ్నల్ ఇవ్వడానికి కూడా మనిషి ఉండకూడదు.

ఓనర్ ఈ గోలలో పెద్దగా కలగజేసుకోడు, 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ వస్తే తప్ప. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల పైచిలుకు జనం, ఈస్ట్ బెంగాల్ స్ట్రైకర్ భూటియా హ్యాట్రిక్, మోహన్ బగాన్ మీద 4-1. ఈయన ఆ జనంలో ఉన్నాడు. పెనం మీద నా గుడ్డు వదిలేసి బయటికొచ్చి అట్లకాడతో భూటియా ఎటు నుంచి ఎటు పరిగెత్తాడో గాల్లో గీస్తున్నాడు, లోపల గుడ్డు నల్లగా మాడింది. ఇంకోటి వేశాడు, డబ్బులు మాత్రం ఒకదానికే తీసుకున్నాడు, అది చెప్పాలి.

పోయిన నెల వర్షం రోజు వెళ్తే బెంచీలు ఖాళీ, నేనొక్కణ్ణే. ఊరికే మాటల్లో, గార్డుగారి చెప్పుల కథ భలే ఉంటుంది బాబాయ్ అన్నా ఓనర్‌తో. ఫ్రై తిప్పుతూ చెప్పాడు. 1980 ఆగస్టు 16, ఈడెన్‌లో ఆ రెండు టీములకే మ్యాచ్, గ్రౌండ్‌లో ఇద్దరు ప్లేయర్లు కలబడ్డారు, గ్యాలరీ అంటుకుంది, రాళ్ళు, మెట్ల మీద తొక్కిసలాట, 16 మంది పోయారు. ఈయనకి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న ఆ మ్యాచ్‌కి వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చారంట, కాళ్ళకి రెండు చెప్పులూ ఉన్నాయి, రెండూ ఆయనవి కావు, రెండూ ఎడమకాలివే. అమ్మ వాటిని గుమ్మం దాటనివ్వలేదు. పొద్దున్న చూస్తే నాన్న వాటిని కడిగి గోడకి ఆనించి ఎండబెట్టారంట, ఎవరికిద్దామనో తెలీదు. ఆ తర్వాత రేడియోలో వినడమే, మళ్ళీ గ్రౌండుకి వెళ్ళలేదు. కలకత్తాలో ఇప్పటికీ ఏటా ఆ తారీఖున ఫుట్‌బాల్ వాళ్ళు రక్తదానం పెడతారు. "గార్డుగారికి ఈ ముక్క తెల్దు, తెలిస్తే ఆయన ఆ నడక మానేస్తారు, ఆయన నడిస్తే బెంచీ నవ్వుతాది, నీకేటి పోయింది, ఊరుకో" అన్నాడు. ఇంకో ఫ్రై వేశాడు, దానికి డబ్బులు తీసుకున్నాడు.

ఇక కంప్లయింట్లు. బండి పెట్టడానికి చోటు లేదు, కారు అయితే అసలు తీసుకెళ్ళొద్దు. ఫోన్‌పే ఉంది గానీ ఆ స్పీకర్ డబ్బా సౌండు మరీ దారుణం, పెనాల్టీ కొడుతున్న టైంలో "అరవై రూపాయలు అందాయి" అని అరుస్తుంది. ప్లేట్లు కడిగే నీళ్ళు ఇంకాస్త తరచుగా మార్చాలి. ఆర్డర్ చెప్పాక ఇరవై నిమిషాలు మామూలు, కథ నడుస్తుంటే నలభై.

రోల్‌కి మూడు, ఫిష్ ఫ్రైకి నాలుగున్నర, టీకి రెండు, పంచదార పాకంలా ఉంటుంది. సోమవారం సెలవు. ఫ్రై ఎనిమిదింటికల్లా అయిపోతుంది, ముందే చెప్పి పక్కన పెట్టించుకోండి, గార్డుగారి పక్కన కూర్చుంటే మాత్రం మీ ప్లేటు మీ చేతిలోనే ఉంచుకోండి, చెప్తూ చెప్తూ ఒక ముక్క తీసేస్తారు.